ప్రోనోటు బాకీకి లాయర్ లేకుండా నేనే దావా వేసి వాదించుకోవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. తోటి ఉద్యోగికి మూడున్నర లక్షలు అప్పిచ్చారు. గాజువాకలో మీ ఇంట్లోనే నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాయించుకున్నారు. ఆయన రెండుసార్లు ఫోన్‌పేలో వడ్డీ వేసి ఆ తర్వాత మానేశారు. ఇప్పుడు శ్రీకాకుళం బదిలీ అయ్యారు, ఫోన్ ఎత్తడం లేదు. ప్రోనోటుకు మూడేళ్లు నిండడానికి ఇంకా ఏడు వారాలుంది. లాయర్ ఫీజు పెట్టుకునే స్థితిలో లేరు. మీరే వాదించుకోవచ్చా, లేకపోతే చట్టం తెలిసిన మీ బావగారు మీ తరఫున నిలబడొచ్చా అని అడిగారు.

మీరే వాదించుకోవచ్చు. బావగారు మీ బదులు వాదించడం మాత్రం కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3, రూల్ 1 ప్రకారం కక్షిదారు స్వయంగా కోర్టులో హాజరు కావచ్చు. కింది కోర్టులో దీనికి ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు. కోర్టు భాషలో మిమ్మల్ని పార్టీ ఇన్ పర్సన్ అంటారు. అయితే మీ కేసులో రెండు చోట్ల లాయర్ సాయం తీసుకోమని నా సలహా. అవి ఎక్కడో, ఎందుకో కింద చెబుతాను.

నేను లాయర్ని కాదు. విశాఖపట్నం సివిల్ కోర్టుల్లో గుమస్తాగా చేరి, బెంచ్ క్లర్కుగా చాలా ఏళ్లు పనిచేసి, సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. లాయర్ లేకుండా వచ్చినవాళ్లను జడ్జిగారి బల్ల ముందు కూర్చుని దగ్గరగా చూశాను. వాళ్లలో ఓడిపోయినవాళ్లు మాట రాక ఓడిపోయింది తక్కువ. తేదీ దాటిపోయో, రాయాల్సిన ముక్క దావాలో రాయకో, కట్టాల్సినది కట్టకో ఓడిపోయారు. వాదనల రోజు రాకముందే ఆ కేసులు అయిపోయాయి. అందుకే మీకు వాదన గురించి తక్కువ చెప్పి, కాగితాల గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఆ ఏడు వారాల సంగతి. అడిగిన వెంటనే చెల్లిస్తానని రాసిన ప్రోనోటుకు గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. ఫోన్‌పేలో వడ్డీ వేశారు కాబట్టి గడువు ఆ తేదీ నుంచి కొత్తగా మొదలవుతుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. దయచేసి ఆ లెక్క మీద ఉండిపోకండి. లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం కొంత చెల్లిస్తే గడువు పొడిగించడం నిజమే. కానీ ఆ చెల్లింపు గురించి చెల్లించినవాళ్ల చేతిరాతగానీ, వాళ్లు సంతకం చేసిన కాగితంగానీ ఉండాలి. అందుకే మన పెద్దవాళ్లు నోటు వెనకాల చెల్లు రాయించి, తేదీ వేయించి సంతకం పెట్టించుకునేవాళ్లు. మీ నోటు వెనక ఏమీ లేదన్నారు. ఫోన్‌పే మెసేజీ ఆ సంతకంతో సమానమా కాదా అన్న వాదన మీ డబ్బు పణంగా పెట్టి చేయాల్సింది కాదు. నోటు తేదీ నుంచే లెక్కపెట్టుకుని ఆ లోపే దావా దాఖలు చేయండి. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే, తిరిగి తెరిచిన రోజు వేయొచ్చని సెక్షన్ 4 చెబుతుంది. అది ప్రమాదంలో పడినవాళ్ల కోసం. మీరు అంతదాకా తెచ్చుకోవద్దు.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే దావాకు ముందే ఆయన్ను పిలిపించి రాజీకి ప్రయత్నిస్తారు, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో, అంటే అమలు చేయించుకోగల కోర్టు ఆదేశంతో సమానం. మంచి మార్గమే, నేను చాలామందికి చెబుతుంటాను. కానీ ఆ అర్జీ పెట్టినంత మాత్రాన మీ మూడేళ్ల గడువు ఆగదు. ఆయన రెండు వాయిదాలు రాకుండా గడిపితే మీ ఏడు వారాలూ అయిపోతాయి. ముందు దావా వేసేయండి. దావా నడుస్తుండగా కూడా లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు, అప్పుడు కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

లీగల్ నోటీసు ఇవ్వకపోయినా ప్రోనోటు దావా చెల్లుతుంది. ఇవ్వడం మంచిదే. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు దొరికేలా పంపి, పది రోజులు చూసి కదలండి. జవాబు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

నోటును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. రెవెన్యూ స్టాంపు ఉందా? ఆయన సంతకం ఆ స్టాంపు మీదుగా పోయిందా? స్టాంపును సంతకంతోనో, గీతతోనో మళ్లీ వాడడానికి వీల్లేకుండా చేయకపోతే చట్టం దృష్టిలో అది స్టాంపు లేని నోటే. మిగతా చాలా కాగితాలకు స్టాంపు తక్కువైతే పెనాల్టీ కట్టి సరిచేసుకోవచ్చు. ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు, సాక్ష్యంగా తీసుకోరు. ఇందులో తేడా ఉంటే ఇక ఒంటరిగా ముందుకు పోకుండా వెంటనే లాయర్ను కలవండి. దావాను నోటు మీద కాకుండా అసలు అప్పు మీద నిలబెట్టవచ్చా అన్నది నిపుణులు చూడాల్సిన విషయం.

నోటు బాగుంటే మీకు పెద్ద అండ ఉంది. నోటు ఆయనే రాసిచ్చారని రుజువైతే, ప్రతిఫలం, అంటే అప్పు డబ్బు, ముట్టిందనే కోర్టు మొదట అనుకోవాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 చెబుతుంది. ముట్టలేదని చూపించాల్సిన భారం అప్పుడు ఆయన మీద పడుతుంది. లాయర్ లేకుండా నడపడానికి వీలైన సివిల్ దావాలు ఏవని ఎవరైనా నన్నడిగితే, ప్రోనోటు దావా పేరే ముందు చెబుతాను.

ఇప్పుడు దావా పత్రం. నేను చెప్పిన రెండు చోట్లలో ఇది మొదటిది. వకాలత్ (మీ తరఫున కేసు నడిపే అధికారపత్రం) తీసుకోకుండా, దావా రాసిపెట్టడానికి మాత్రమే ఫీజు తీసుకునే లాయర్లు మన ఊళ్లో ఉన్నారు. ఆ ఒక్క ఖర్చుకు వెనకాడకండి. దావాలో రాయని విషయం మీద తర్వాత సాక్ష్యం చెబుతానంటే కోర్టు పట్టించుకోదు. విచారణ మొదలయ్యాక దావా సవరించుకోవాలంటే, ఎంత జాగ్రత్తగా ఉన్నా ముందే చెప్పలేకపోయానని కోర్టును ఒప్పించాలి.

రాసినది మీరు కూడా చదివి ఈ సంగతులు ఉన్నాయో లేదో చూసుకోండి. డబ్బు ఎక్కడ, ఏ రోజు, ఎవరి ఎదుట ఇచ్చారు. నోటు గాజువాకలో రాశారన్న మాట స్పష్టంగా ఉందా. ప్రతివాది శ్రీకాకుళంలో ఉన్నా మీ వైపు కోర్టులోనే వేయగలగడానికి ఆధారం అదే, వ్యవహారం ఇక్కడ జరిగింది కాబట్టి. వడ్డీ లెక్క విడిగా చూపించారా. మూడున్నర లక్షల మీద నెలకు 7,000, ముప్ఫయ్యారు నెలలూ నిండితే 2,52,000. ఆయన ఫోన్‌పేలో వేసిన మొత్తాన్ని అందులోంచి తీసేయండి, తీసేసినట్టు రాయండి. దాచిపెట్టి క్రాస్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) దొరికిపోతే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. అసలూ వడ్డీ కలిపిన మొత్తాన్ని బట్టే ఏ కోర్టులో వేయాలో, ఎంత కోర్టు ఫీజో తేలుతుంది. లాయర్ ఉన్నా లేకపోయినా కోర్టు ఫీజు ఒకటే.

దాఖలు చేసిన వెంటనే నంబరు పడుతుందనుకోవద్దు. కోర్టు ఆఫీసు సెక్షన్‌లో పరిశీలించి లోపాలుంటే అభ్యంతరాలు రాసి, ఫలానా రోజుల్లో సరిచేయమని తిరిగిస్తారు. దీన్ని రిటర్న్ అంటాం. మన కోర్టుల్లో ఇది రోజూ జరిగే పని, లాయర్లు వేసిన దావాలు కూడా రిటర్న్ అవుతాయి. కంగారు పడక్కర్లేదు. కానీ ఆ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి తేదీ నడుస్తుంది. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దావా ఇలాగే రిటర్న్ అయింది. తన దావా కొట్టేశారనుకుని ఆయన ఆ కట్టను ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టుకున్నారు. రెండు నెలల తర్వాత ఎవరో చెబితే వచ్చారు. అందులో ఉన్న అభ్యంతరం డాక్యుమెంట్ల జాబితాలో సంతకం లేకపోవడం, అంతే. ఆలస్యం మన్నించమని వేరే పిటిషన్ వేసి, దాని మీద నోటీసులు తిరిగి, ఆయన దావాకు నంబరు పడేసరికి ఏడాది దగ్గరపడింది. అభ్యంతరం అర్థం కాకపోతే అక్కడే అడగండి. సిబ్బంది చట్టం మీద సలహా ఇవ్వకూడదు, కానీ ఏ కాగితం లోపించిందో చెప్పడం వాళ్ల పనే.

నంబరు పడ్డాక బట్టా కట్టడం మర్చిపోకండి. సమన్లు పంపడానికి కట్టే ఆ చిన్న మొత్తం కట్టక దావా డిస్మిస్ అయిన సందర్భాలు నా చేతుల మీదుగా పోయాయి. మీ ప్రతివాది వేరే జిల్లాలో ఉన్నారు కాబట్టి ఇంటి చిరునామాతో పాటు ఆఫీసు చిరునామా కూడా ఇవ్వండి. దావా నంబరుతో పాటు పదహారు అక్షరాలూ అంకెలూ ఉన్న సీఎన్‌ఆర్ నంబరు ఇస్తారు. దాంతో ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ చూసుకోవచ్చు. అయినా ప్రతి వాయిదాకూ వెళ్లండి. పొద్దున్న పదిన్నరకల్లా హాల్లో ఉండండి. మీకు లాయర్ లేరు, పిలిచినప్పుడు మీరు లేకపోతే మీ తరఫున నిలబడి సమయం అడిగేవాళ్లు ఉండరు. అలా హాజరు కాక డిఫాల్ట్‌లో దావా పోతే తిరిగి తెరిపించడానికి 30 రోజుల గడువే ఉంటుంది.

సమన్లు అందాక ప్రతివాది 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి, కోర్టు 90 రోజుల దాకా ఇవ్వొచ్చు. మామూలు సివిల్ దావాల్లో తగిన కారణం ఉంటే ఆ తర్వాత కూడా తీసుకుంటున్నారు, కాబట్టి తొంభై రోజులు దాటగానే గెలిచేశాననుకోవద్దు. జవాబు వచ్చాక పేరా పేరా పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీరు చెప్పిన ఏ విషయాన్ని ఆయన స్పష్టంగా కాదనలేదో గుర్తుపెట్టుకోండి. సూటిగా కాదనని విషయాన్ని ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చని ఆర్డర్ 8 చెబుతుంది. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా ప్రతివాదులుంటే మీరు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. దావాలో ఉన్నదంతా అబద్ధం అని ఒక్క ముక్క రాసి ఇచ్చిన ప్రతివాదులు ఆ తర్వాత ఎంత బాధపడ్డారో నేను చూశాను.

ప్రోనోటు దావాల్లో వచ్చే జవాబులు ఇంచుమించు ఇవే: సంతకం నాది కాదు, ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకున్నారు, ఎప్పుడో తీర్చేశాను నోటు తిరిగివ్వలేదు, అంత డబ్బు ఇచ్చే స్తోమత వాదికి లేదు. నాలుగింటికీ ఇప్పటి నుంచే తయారుగా ఉండండి. ఆ డబ్బు మీ దగ్గరికి ఎలా వచ్చిందో చూపే పాస్‌బుక్కు, పీఎఫ్ తీసిన కాగితం లాంటివి వెతకండి. ఫోన్‌పే చెల్లింపులు గడువు పెంచడానికి పనికిరాకపోవచ్చు గానీ, అప్పు నిజమని చూపడానికి బాగా పనికొస్తాయి. తీసుకోని అప్పుకు వడ్డీ ఎవరు కడతారు? ఫోన్ స్క్రీన్ ఫోటోలు ప్రింట్ తీసి పట్టుకెళ్తే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో నిపుణుడు పూరించాల్సిన భాగం కూడా ఉంది. అంతకంటే సులువు, మీ బ్యాంకు శాఖలో ఆ నెలల స్టేట్‌మెంటును బ్యాంకు సర్టిఫై చేసి ఇమ్మని అడగడం.

విచారణలో మీ చీఫ్ (మీరు మొదట చెప్పే సొంత సాక్ష్యం) అఫిడవిట్ రూపంలో ఇస్తారు, మీరు పీడబ్ల్యూ1, అంటే వాది తరఫు మొదటి సాక్షి, మీ నోటు ఎగ్జిబిట్ ఏ1, అంటే మీ మొదటి సాక్ష్య పత్రం అవుతుంది. నోటు దస్తూరీ రాసిపెట్టినాయన, సాక్షి సంతకం చేసినవాళ్లలో కనీసం ఒకరు మీ తరఫున వచ్చి చెప్పగలగాలి. వాళ్లు రానంటే కోర్టు ద్వారా సమన్లు ఇప్పించుకోవచ్చు. మీరు తెలుగులో చెప్పొచ్చు. నల్లకోటు వేసుకోకండి, మామూలు శుభ్రమైన బట్టలు చాలు.

బావగారి విషయం ఇక్కడికొస్తుంది. పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినా ఆయన లాయర్‌లా వాదించడానికి హక్కు రాదు. అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 32 కింద కోర్టు ఒక కేసుకు అనుమతి ఇవ్వొచ్చు, అది కోర్టు ఇష్టం. మీకు మాత్రమే తెలిసిన విషయాలను మీ బదులు ఆయన బోనెక్కి చెప్పడం కూడా కుదరదని జానకీ వాశ్‌దేవ్ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది మీరు, చెప్పాల్సిందీ మీరే. బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని కాగితాలు అందించమనండి.

రెండో చోటు క్రాస్. ప్రతివాదిని మీరే ప్రశ్నించాలి, కష్టం ఇక్కడే ఉంది. మీ కేసును సాక్షి ముందు పెట్టాలి: మీరు ఫలానా రోజు డబ్బు తీసుకుని నోటు మీద సంతకం పెట్టారని నేనంటున్నాను, నిజమేనా? ఆయన నిజం కాదంటారు. అయినా అడగాలి. అడగకపోతే ఆయన చెప్పినదాన్ని మీరు ఒప్పుకున్నారని వాదిస్తారు.

లాయర్ లేకుండా వచ్చి చక్కగా క్రాస్ చేసిన ఒకాయన నాకు బాగా గుర్తు. పూర్ణా మార్కెట్ వైపు కుట్టుపని చేసుకునే మనిషి, ప్రోనోటు దావాలో ప్రతివాది. ఐదే ప్రశ్నలు కాగితం మీద రాసుకొచ్చారు. వాది తన ఇంట్లో డబ్బు ఇచ్చానన్నాడు. సాక్షిని ఈయన అడిగారు: డబ్బు ఎక్కడ ఇచ్చారు? షాపులో. పగలా, రాత్రా? రాత్రి. అప్పుడు ఇంకెవరున్నారు? మేం ముగ్గురమే. ఇంకో రెండు అడిగి కూర్చున్నారు. సాక్షితో గొడవ పడలేదు, వివరణ అడగలేదు. తీర్పులో ఆ తేడా గురించే ఒక పేరా ఉంది.

నేను రిటైరయ్యాక ఇంటి మరమ్మతు అడ్వాన్సు కోసం ఒక కాంట్రాక్టరు మీద దావా వేసి నేనే నడిపాను. అన్నేళ్లు విన్నవాడిని, నాకు తెలుసనుకున్నాను. క్రాస్‌లో ఆయన పని ఆపేశానని ఒప్పుకున్నాడు. అక్కడితో కూర్చోవాలి. నాకు కోపం ఆగలేదు, ఎందుకు ఆపారు అని అడిగాను. ఆయన పదిహేను నిమిషాలు వివరించాడు, అంతా రికార్డులోకి వెళ్లింది. డిక్రీ నాకే వచ్చింది, కానీ నేనడిగినదాంట్లో సగానికి. మన సొంత బాధ మీద మనమే ప్రశ్నలు అడగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అందుకే చెబుతున్నాను, క్రాస్ దశకు వచ్చాక వీలైతే ఒక లాయర్కు వకాలత్ ఇవ్వండి. ఏ దశలోనైనా ఇవ్వొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ను ఇస్తారు, మిగిలినవాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. న్యాయ సేవాధికార సంస్థల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి మీకు వర్తిస్తుందేమో కనుక్కోండి.

మీకు ధైర్యం చెప్పానని చూసి స్థలం, ఇల్లు మీద టైటిల్ (యాజమాన్య హక్కు) తగాదా ఉన్నవాళ్లు దయచేసి ఒంటరిగా దిగకండి. భీమిలి వైపు ఒకావిడ తన ఖాళీ స్థలంలోకి పక్కవాళ్లు రాకుండా ఆపే ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్ మాత్రమే అడుగుతూ స్వయంగా దావా వేశారు. వాళ్లు జవాబులో స్థలం మాదే అని పాత దస్తావేజు పెట్టారు. అలా హక్కు మీదే నిజమైన వివాదం వచ్చినప్పుడు ఉత్త ఇంజంక్షన్ చాలదు, హక్కు ప్రకటించమని కూడా అడగాలి. అనతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇది వివరంగా చెప్పింది, అది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసే. ఆవిడకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. సాక్ష్యం సగం అయ్యాక సవరణ అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. ఆవిడ చేతిలో అన్ని కాగితాలూ ఉన్నాయి, అడగాల్సినది అడగలేదు. ఆ రోజు ఆవిడ హాల్లో బెంచీ మీద కూర్చుండిపోవడం నాకింకా కళ్ల ముందు ఉంది.

డిక్రీ వచ్చాక డబ్బు దానంతటదే రాదు, ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయాలి. దానికి 12 ఏళ్ల సమయం ఉంటుంది. మీ ప్రతివాది నెలజీతం ఉద్యోగి కాబట్టి మీకు కొంత నయం. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేసి, ఉన్నది జప్తు చేయించవచ్చు. ఒక డిక్రీ కింద అది 24 నెలల వరకే. ఆయన ఏ ఆఫీసులో, ఏ హోదాలో ఉన్నారో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఈ వారంలోనే నోటు తీసి మూడు విషయాలు చూసి ఇక్కడ రాయండి: నోటు మీద తేదీ స్పష్టంగా ఉందా, సంతకం స్టాంపు మీదుగా ఉందా, సాక్షులిద్దరూ ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉన్నారా. నోటు ఫోటో మాత్రం పెట్టకండి, అసలు నోటు ఎవరి చేతికీ ఇవ్వకండి. మీ జవాబు చూసి డాక్యుమెంట్ల జాబితా ఎలా రాయాలో చెబుతాను.